వంతు తప్పించు విద్య

పులిజూదమెఱిగినవారికి నొక సంగతి చెప్పనక్కఱలేదు. మేక పులిని చంపజాలదు. పటముపై సాధారణముగా పులులు 3, మేకలు 15 ఉండును. పులి మేకపైనుండి దుమికి దానిని దినును. మేకకు పులిని దిను విధియే లేదు. అయినను మేకలు గెలుచుచునే యున్నవి. పులి కదలుటకు చోటు లేకుండ నన్ని వైపుల నిలిచిన చాలును. పులి బ్రదికియుండియు నోడిపోవును. మన యూళ్లలో అరుగులమీద సుద్దముక్కతో గీసికొని యాడు నీ యాటలోని కిటుకును, జపానుదేశమున 1997వ సంవత్సరమున పుట్టిన యొక వీడియో క్రీడలోని కిటుకును ఒక్కటియే యని మేము చెప్పగా తోడి యుపాధ్యాయులు నవ్విరి. నవ్వి, "అయినచో మన వార్షిక సంచికకు దానినే వ్రాయుడు" అనిరి. కావున వ్రాయుచున్నాము.

ఆ క్రీడ పేరు ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్. దానిని వెలువరించినది స్క్వేర్ అను సంస్థ. నిర్మాణమునకు దర్శకత్వము వహించినవాడు యాసుమి మత్సునో. మొదట ప్లేస్టేషన్ యంత్రముపై వచ్చి, 2007లో కొంత పెంచి తిరిగి వెలువరింపబడి, అటుపిమ్మట చేతిఫోనులలోనికిని వచ్చినది. 2025లో మరల నూతనముగ ముస్తాబై వచ్చినది. మేము మా మేనల్లునితో గూడి యాడినది ఫోనులోని కూర్పు. బాలుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. వేసవి సెలవులలో మా యింటనుండెను.

కథ ఇవాలీస్ అను కల్పిత రాజ్యమున జరుగును. రెండు సింహముల పతాకముల క్రింద ఇద్దరు ప్రభువులు సింహాసనముకొఱకు పోరుచుందురు. నడుమ రాంజా యను పడుచువాడు, గొప్పయింట బుట్టియు నాయింటి దోషములను జూచి వెలుపలికి వచ్చినవాడు, కొలదిమంది తోడి సైనికులతో ఊరూర తిరుగును. కథలోని మతాధికారులలో కొందఱు కపటులు. మిషను పాఠశాలలో పని చేయు మాకు మొదట నది కొంత మనసును నొప్పించినమాట నిజము. కాని కపట యాజకులను గూర్చి మన గ్రంథమే మొగమాటము లేక చెప్పుచుండగా, నీ క్రీడపై కోపించుట కారణము కనబడలేదు. కథ యంతటితో నుండనిండు. మేము చెప్పదలచినది యుద్ధమును గూర్చి.

యుద్ధభూమి చదరంగపు పలకవలె గళ్లుగళ్లుగా నుండును. మెట్టపల్లములు, ఇండ్ల కప్పులు, నీటికాలువలు నుండును. మనపక్షమున సాధారణముగా అయిదుగురు. చదరంగమున ఒకరి తరువాత నొకరు ఎత్తు వేయుదురు గదా, ఇందట్లు కాదు. ప్రతి సైనికునకు 'వేగము' అను నొక సంఖ్య కలదు. కాలము నిమేషములుగా నడచును. ప్రతి నిమేషమున వాని వేగమెంతయో అంత వాని లెక్కలో చేరును. లెక్క 100 అయినచో వానికి వంతు వచ్చును. అప్పుడు వాడు నడువవచ్చును, ఒక పని చేయవచ్చును. రెండును చేసిన లెక్కలో 100 తగ్గును. రెంటిలో నొక్కటియే చేసిన 80. ఏమియు చేయక యూరకున్న 60 మాత్రమే తగ్గును. అనగా నూరకుండుట కూడ నొక పనియే. ఊరకున్నవానికి మరుసటి వంతు త్వరగా వచ్చును. ఈ యొక్క నియమమునకే మేమీ క్రీడను గౌరవింతుము.

ఇక నవస్థలు. కత్తితో నఱకుట, బాణముతో గొట్టుట, నిప్పు కురిపించుట యను ప్రత్యక్షమైన దెబ్బలుగాక, ఎదిరివానిని ఒక స్థితిలోనికి దింపు విద్యలు చాల గలవు. నిద్ర, విషము, గ్రుడ్డితనము, మూగతనము, మతిభ్రమ, మోహము, మాంద్యము, స్తంభనము, కాలుకట్టు, చేయికట్టు. మనుష్యుని కప్పను జేయునది, రాయిని జేయునదికూడ నున్నవి. ఈ జాబితా చూచిన పిల్లవాడెవడైనను కప్పనే మొదట కోరును. మా మేనల్లుడును కోరెను. కప్ప యైనవాడు మంత్రము మాని, చిన్న దెబ్బ కొట్టుటకు మాత్రము మిగులును. చూచుటకు నవ్వు వచ్చును. అయితే యుద్ధములు గెలిపించునవి చూచుటకు నవ్వు తెప్పించునవి కావు. వంతును దొంగిలించునవి.

ఒక లెక్క చెప్పెదము. వేగము 8 గలవానికి 13 నిమేషములకు వంతు వచ్చును. ఏలనన 12 నిమేషములకు 96 మాత్రమే యగును. వానిపై త్వరమంత్రము వేసిన వేగము ఒకటిన్నర రెట్లయి నిమేషమునకు 12 చేరును. తొమ్మిది నిమేషములకే వంతు. మాంద్యమంత్రము వేసిన సగమై 4 చేరును. 25 నిమేషములు పట్టును. ఇప్పుడు మనవాడు త్వరలోను, ఎదిరివాడు మాంద్యములోను ఉన్నారనుకొందము. 25 నిమేషములలో ఎదిరివానికి నొక్క వంతు; మనవానికి 12 చొప్పున 300, అనగా మూడు వంతులు. ఇద్దరును సమాన బలవంతులే; ఎవరికిని నొక్క గాయమైనను తగులలేదు; అయినను పోరు ముగ్గురికి నొకడైనది. గణితమున పిల్లలకు నిష్పత్తి బోధించునప్పుడు పనివాండ్రు, గోడలు, దినములు అని చెప్పి విసిగించు మాకు, ఈ లెక్క బోర్డుపై వ్రాసిన దినమున తరగతియంతయు మేల్కొనియుండుట జూచి కొంత సిగ్గును, ఎక్కువ సంతోషమును గలిగెను.

ఇట్లే విషమున్నది. విషము తగిలినవాని ప్రాణము, వాని వంతు ముగిసినప్పుడెల్ల పూర్తి ప్రాణములో ఎనిమిదవ పాలు చొప్పున తగ్గును. వాని వంతు ముగిసినప్పుడు, అను మాటను గమనింపవలెను. విషము పెట్టి, పిదప వానిపై మాంద్యము కూడ వేయుదమని తోచును. రెండు కీడులు ఒకదానికంటె మేలుగదా యని. కాని మందగించినవానికి వంతులే తక్కువ. వంతులు తక్కువైన విషము కఱచుటయు తక్కువ. ఒక మంత్రమును మఱియొక మంత్రము కాపాడినట్లగును. అవస్థలను కుప్పగా పోయుట వ్యూహము కాదు. ఏది దేనితో పొసగునో యెఱుగుటలో నున్నది గమ్మత్తు. నిద్ర కూడ నిట్టిదే. నిద్రపోవువానిని కత్తితో కొట్టిన మేల్కొనును. కావున నిద్రపుచ్చినవానిని తాకక విడిచి, తక్కినవారిని జూచుకొనవలెను. మా మేనల్లునికి నిద్రపోవుచున్న శత్రువును కొట్టకుండుట యెంత కష్టమో చెప్పజాలము. చేయి దురదపెట్టునట! "వాడు పడుకొన్నాడు గదా, మామయ్యా, ఒక్క దెబ్బ" అని వేడుకొనును. ఒక్క దెబ్బకు వాడు లేచును.

నిద్రపుచ్చు విద్యలలో నొకదానిని మాత్రము మా పాఠకులకు చెప్పకుండ నుండలేము. రాంజా మొదట గారిలాండు నగరమందలి సైనిక పాఠశాలలో విద్యార్థి. అచట డార్లవన్ అను వృద్ధోపాధ్యాయుడు కలడు. క్రీడ నేర్చుకొనువారికి నియమములన్నిటిని బోధించువా డాయనయే. బోధన మిక్కిలి దీర్ఘము. ఆ పిదప 'వక్త' యను వృత్తి నేర్చిన సైనికునకు యుద్ధభూమిలో వాడుకొన నొక విద్య దొరకును. దాని పేరు డార్లవన్‌ను అనుకరించుట. వక్త ఆయనవలె ఉపన్యసించును. చుట్టునున్న శత్రువులు నిద్రలోనికి జాఱుదురు. ఇది చదివి మా పాఠశాలలో నెవ్వరును నొచ్చుకొనరని నమ్మెదము. ముప్పది సంవత్సరములు మధ్యాహ్నపు మొదటి పీరియడు చెప్పినవారము గనుక నీ యాయుధము నిజముగా పనిచేయునని మేము సాక్ష్యమీయగలము.

మంత్రములు తగులుటకు ఇంకొక చిత్రమైన నియమమున్నది. ప్రతి సైనికునకును 'విశ్వాసము' అను సంఖ్య గలదు. మంత్రము వేయువాని విశ్వాసము, మంత్రము పొందువాని విశ్వాసము, ఈ రెండును గుణించి మంత్రబలము నిర్ణయింతురు. విశ్వాసము లేనివానికి శత్రువు మంత్రము తగులదు, నిజమే. అయితే వాడు గాయపడి పడియున్నప్పుడు మనవారి స్వస్థతామంత్రము కూడ వానికి సరిగా తగులదు. కీడునుండి తప్పించు గోడయే మేలును గూడ లోనికి రానీయదు. ఇంకను వింత యేమనగా, ఒకని విశ్వాసమును శాశ్వతముగా 95 వఱకు పెంచినచో వాడు దైవమును వెదకికొనుటకై సైన్యమును విడిచి వెడలిపోవును. మా పాఠశాలకు వచ్చిన పాస్టరుగారికి నీ సంగతి చెప్పగా, "పోనిండు, ఒకడైనను పోయినాడు" అనిరి. జన్మరాశుల పొంతన కూడ లెక్కలోనికి వచ్చును. రాశి కుదిరిన దెబ్బ పెరుగును, కుదరకున్న తఱుగును. జాతకములయందు మాకు నమ్మిక లేదు గాని, క్రీడలో నమ్మకయున్న నష్టము మనదే.

భారతము చదివినవారికి నీ విద్యలు క్రొత్తవి కావు. విరాటపర్వమున ఉత్తర గోగ్రహణపు ఘట్టము తిక్కనగారి తెనుగున మన పిల్లలందఱికిని తెలిసినదే. అర్జునుడు ఒక్కడు, ఎదుట కురుసైన్యమంతయు. చివరకు సమ్మోహనాస్త్రము వేసెను. అందఱును మఱపులో మునిగిరి. అప్పుడు ఉత్తరుడు దిగి, చెల్లెలు బొమ్మపొత్తికలకై కోరిన వస్త్రములను యోధులమీదినుండి తీసికొనివచ్చెను. అర్జునుడు తలచిన వారి తలలే తేవచ్చును, తెచ్చినవి వస్త్రములు. ఇంకొక విశేషము: భీష్ముని దరికి పోవలదని అర్జునుడు ఉత్తరుని హెచ్చరించెను, ఆయన కా యస్త్రమునకు ప్రతిక్రియ తెలియును. క్రీడ యందును పెద్ద నాయకులలో పలువు రిట్టివారే. స్తంభనము తగులదు, నిద్ర రాదు, కప్ప కారు. వారి యెదుట నవస్థలనే నమ్ముకొన్నవారు చేతులు ముడుచుకొని నిలువవలసివచ్చును. రియోవనీస్ కోటలో వీగ్రాఫ్ అను యోధునితో రాంజా ఒంటరిగా పోరవలసిన ఘట్ట మొకటి గలదు. ఆడినవారందఱికిని అది పీడకల. అచట మా మేనల్లుడు చేసినది, మేము మెచ్చినది, ఏమనగా: ఎదిరివానిని దింపలేనప్పుడు తన్ను పెంచుకొనుట. రాంజాకు తన వేగమును ఒక్కొక్క యంకెగా పెంచుకొను కేక యొకటి కలదు. దూరముగా పరుగెత్తుచు, కేకపై కేక వేయుచు, వీగ్రాఫ్‌కు నొక్క వంతు వచ్చులోపల తనకు రెండు వంతులు వచ్చువఱకు కత్తియే యెత్తలేదు. అఱగంట సేపు యుద్ధభూమిలో నొకడు కేకలు వేయుచు పరుగెత్తుచుండుటను చూచి మా యింటిలోనివారు మేము ఆట ఓడిపోవుచున్నామనుకొనిరి.

ఇంతవఱకు చెప్పినది లెక్క. ఇక లెక్కకు మించినది చెప్పవలసియున్నది.

ఈ క్రీడలో పడిన సైనికుడు వెంటనే చావడు. పడినవాని తలపై 3 అను అంకె నిలుచును. వాని వంతు రావలసినప్పుడెల్ల అంకె తగ్గును. గడువులోపల నెవ్వడైనను ఫీనిక్సు పక్షి యీక యను మందుతోగాని, మంత్రముతోగాని లేపిన లేచును. గడువు దాటిన వాడు స్ఫటికముగ మాఱిపోవును, తిరిగి రాడు. నెలల తరబడి నేర్పిన విద్యలన్నియు వానితో పోవును. పడినవాని అంకె తగ్గుట వాని సొంత వేగమునుబట్టియే గనుక, చురుకైనవాడు త్వరగా పోవును, మందకొడి కొంత నిలుచును. ఇది న్యాయమో కాదో మాకు తెలియదు. నిర్మాతలు దయతో నట్లు చేయలేదని మాత్రము తోచును.

సైన్యమున క్రొత్తగా చేరువారికి పేరు పెట్టుకొను స్వేచ్ఛ యున్నది. మా మేనల్లుడు స్వస్థతామంత్రములు నేర్చు యువతికి 'అక్క' యని పేరిడెను. వాని యక్క నర్సింగు చదువుటకై యా యేడే దూరపు పట్టణమునకు పోయినది. వారము వారము ఆదివారమున ఫోను చేయును. పేరు పెట్టునప్పుడు మేమేమియు ననలేదు. వాడును కారణము చెప్పలేదు.

మే నెలలో నొక సాయంకాలము, మా యొప్పందము ప్రకారము దినమునకు నొక్క యుద్ధము గనుక నా యొక్కటియే జరుగుచుండెను. ఎదిరిపక్షమున దొంగవృత్తి నేర్చినది యొకతె యుండెను. ఆ వృత్తివారికి 'హృదయమును దొంగిలించుట' యను విద్య గలదు; తమకు భిన్నమైన లింగమువారిపై పనిచేయును. ఆమె మా పక్షపు భటుని మోహములో ముంచెను. మోహములో నున్నవాడు ఎదిరిపక్షమువాడై పోరును. వాడు గిఱ్ఱున తిరిగి ప్రక్కనున్న అక్కను కత్తితో కొట్టెను. ఆమె పడెను. మందులు విసరు వైద్యుడు అంతకు ముందే కాలమాంత్రికుని స్తంభనములో నిలిచిపోయియుండెను. స్తంభనము 20 నిమేషములు విడువదు. రాంజా దూరమున ఇద్దఱితో చిక్కుకొనియుండెను. చేతనున్నది విలుకాడొక్కడు, వానియొద్ద మందు లేదు.

బాలుడు మాటాడక తెరవంక చూచుచుండెను. అంకె 3 నుండి 2 అయ్యెను. మా వారిలో నొక్కరి వంతైనను రాకమునుపే 1 అయ్యెను.

ఆట ఆపి, ముందు భద్రపఱచిన చోటునుండి మరల మొదలుపెట్టవచ్చును. చాలమంది అట్లే చేయుదురు, దానిలో తప్పును లేదు. మేమా మాట యనబోవుచుండగనే వాడు తల యడ్డముగా నూపెను. "మరల మొదలుపెట్టిన నామెకు తెలియదు, మామయ్యా. నాకు తెలియును గదా" అనెను. ఫోను మా చేతికీయలేదు.

అప్పుడు మేమిరువురము కలిసి వంతుల వరుసను చూచితిమి. తెరమీద ఎవరి తరువాత నెవరి వంతో చూపు పట్టిక యొకటి యున్నది. ముందు మా విలుకాడు. తరువాత మోహములోనున్న భటుడు. ఆ తరువాత అక్క పేరు, అనగా గడువు. వైద్యుని పేరు వరుసలో నెక్కడో దిగువన నుండెను. భటుడు నిలిచియున్నది అక్క ప్రక్కనే. కొట్టినవాడు గనుక ప్రక్కగడిలోనే యున్నాడు. వాని సంచిలో ఫీనిక్సు ఈకలు రెండు గలవు. వానికి విసరుట రాదు గాని, ప్రక్కనున్నవారికి ఇయ్యగలడు. ఎదిరిపక్షమువాడుగా నున్నంతసేపు మాత్రము ఈయడు.

మోహము దెబ్బ తగిలిన విడిపోవును. నిద్రవలెనే.

"మనవానిని మనమే కొట్టవలెనా, మామయ్యా?" అని వాడడిగెను. మేము అవుననలేదు, కాదనలేదు. వానికి సమాధానము తెలిసియే అడిగెనని మాకు తెలియును. భటుని ప్రాణము 61 మిగిలియుండెను. విలుకాని బాణముచే తగ్గునది 48 అని తెర చూపెను. భటునికి డాలు కలదు. ఎదురుగా కొట్టిన తప్పించుకొనవచ్చును. కాని వాడు అక్కవైపు తిరిగి నిలిచెను. వాని వీపు మా విలుకానివైపు ఉండెను. వెనుకనుండి వచ్చు దెబ్బకు డాలు అడ్డురాదు. గుఱి నూటికి నూఱు.

ఇన్ని దినములు నిద్రపోవు శత్రువును కొట్టవలదన్న కారణమే, ఇప్పుడు మనవానిని కొట్టుమనుచున్నది. నియమమొక్కటియే. బాలుడు బాణము విడిచెను. భటుడు ఒక్కసారి వణకి, తలపై తిరుగుచున్న గుఱుతు మాయమై, మా రంగులోనికి వచ్చెను, ప్రాణము 13. వాని వంతు రాగానే మేనల్లుడు సంచి తెఱచి, ఈకను తీసి, ప్రక్కగడిపై వ్రేలు పెట్టెను. అక్క లేచి కూర్చుండెను. ఆమె ప్రాణము చాల స్వల్పము. అయినను లేచినది.

ఆ యుద్ధమున తక్కిన భాగమును వర్ణింప నవసరము లేదు, గెలిచితిమి. మా చెల్లెలు, బాలుని తల్లి, భోజనమునకు రెండుసార్లు పిలిచి మూడవసారి గట్టిగా పిలిచినది.

చదువుకొను పిల్లలు ఈ క్రీడలలో కాలము వృథా చేయుచున్నారని తల్లిదండ్రులు మాతో చెప్పుచుందురు. కాలము పోవుట నిజము. కావుననే దినమునకు నొక్క యుద్ధమను నొప్పందము. అంతకు మించి మేము వాదింపము. అయితే "ఎంతసేపు చంపుట, చావుట, ఇదేనా యాట" యని పాఠశాల పెద్దలలో నొకరడిగిన ప్రశ్నను మాత్రము మేము తేలికగా విడువలేకపోతిమి. ఆ ప్రశ్న మంచిది. మా జవాబు కొంత చుట్టుదారిది.

రాజుల రెండవ గ్రంథము ఆఱవ అధ్యాయమున సిరియనుల సైన్యము దోతాను పట్టణమును రాత్రివేళ చుట్టుముట్టును. వారు వచ్చినది ఎలీషా ప్రవక్తను పట్టుకొనుటకు. ప్రవక్త ప్రార్థింపగా ఆ సైన్యమునకు గ్రుడ్డితనము కలుగును. ఆయన వారిని నడిపించుకొని షోమ్రోను నడిమికి తీసికొనిపోవును. అచట వారి కన్నులు తెఱవబడును. చూచిన శత్రురాజధాని! ఇశ్రాయేలు రాజు వారిని కొట్టవచ్చునాయని అడుగును. ప్రవక్త వలదని, వారికి రొట్టెయు నీళ్లును పెట్టుమనును. గొప్ప విందు చేసి పంపివేయుదురు. అటుపిమ్మట సిరియనుల దండులు ఆ దేశములోనికి వచ్చుట మానెనని గ్రంథము చెప్పుచున్నది. గిద్యోను మున్నూఱు మందితో బూరలు, కుండలు, దివిటీలు పట్టుకొని పోయి మిద్యానీయుల దండును కలవరపెట్టగా వారు తమలో తామే పొడుచుకొనిరి. అది మతిభ్రమ యను నవస్థ. అచట నెత్తురు చాల పాఱినది. ఎలీషా కథలో పాఱలేదు. అవస్థ రెండు చోట్లను ఉన్నది. ఎదిరివాడు చేతికి చిక్కినపుడు రెండవ పక్షము వాడేమి చేసెననునది వేఱు.

క్రీడలోను నిట్టి ద్వార మొకటి యున్నది. దానిని మా మేనల్లునికి మేము చూపలేదు, వాడే కనుగొనెను. డార్లవన్ ఉపన్యాసము నేర్చిన ఆ వక్తకే ఎదిరివానిని మాటలతో తనవైపు పిలుచు విద్య గలదు. పిలుపు ఫలించిన వాడు పోరు నడుమనే పక్షము మార్చును. యుద్ధమైన పిదప మన సైన్యమున చేరును. పెద్ద నాయకులు రారు; సామాన్య సైనికులు వచ్చెదరు. పిలుపు తప్పిపోవు పాళ్లే యెక్కువ, అంతలో వక్త దెబ్బలు తినును. దెబ్బకంటె లాభము తక్కువ, శ్రమ యెక్కువ. ఎదిరిపక్షమున తుదకు మిగిలినవాడొక్కడైనప్పుడు మా వాడు వానిని చేతులు కట్టించి, నాలుగు వంతులు, అయిదు వంతులు పిలుచుచు కూర్చుండును. వ్యూహమని దీనిని మేము అనజాలము. త్వరగా ముగించి భోజనమునకు రావచ్చును. కాని సెలవులు ముగియునాటికి మా సైన్యమున ఎదిరిపక్షమునుండి వచ్చినవారు ముగ్గురుండిరి. అందు హృదయములు దొంగిలించునది యొకతె. అక్కను కొట్టించినది ఆమెయే యగునా యని అడిగితిమి. "ఆమె కాదు. ఆమెవంటిది" అనెను.

భటునికి ను కై కంకణము తొడిగెను. అది ధరించినవానికి మోహమును, మతిభ్రమయు తగులవు. అందుకొఱకు వాని చేతనున్న బలమిచ్చు కంకణమును తీయవలసివచ్చెను. దెబ్బ కొంత తగ్గినది. లెక్క ప్రకారము లాభమా నష్టమా యని మేము కాగితముపై వేసి చూపితిమి. లాభమని తేలలేదు. వాడు కాగితమును మడిచి ప్రక్కన పెట్టెను.

ఆదివారమున అక్క ఫోను చేసినప్పుడు వాడు జరిగినదంతయు ఆమెకు చెప్పెను. వేగము, వంతు, అంకె, ఈక, అన్నియును. ఆమె రాత్రి విధి ముగించుకొని వచ్చి నిద్రమబ్బుతో వినుచుండెను. చివర నొక్క ప్రశ్న వేసినది: తన్ను కొట్టినవానికి ఆ తరువాత మందు వేసినారా, లేదా యని. భటుని ప్రాణము పదుమూడేయని వాడు చెప్పియుండెను. మేనల్లుడు మా వంక చూచి, ఫోనులో "వేసినాము. నీవే వేసితివి" అనెను.